పేజీ అడుగున ఎర్ర నంబరు

మా నర్సుల సంఘం వెబ్‌సైట్ తెరిస్తే ముందు పాట మొదలయ్యేది. దాన్ని ఎవరు పెట్టారో, ఎలా ఆపాలో ఎవరికీ తెలియదు. డ్యూటీలో ఉండగా పొరపాటున తెరిచామా, నిద్రపోతున్న పేషెంట్లు లేచి కూర్చునేవాళ్లు. పాట వెనకాలే బెలూన్లు పైకి తేలేవి. వాటి మధ్య అధ్యక్షుడు ఆనందరావు చేతులు జోడించుకుని నిలబడి ఉండేవాడు. ఆయన పక్కనే, ఆయన కంటే కాస్త చిన్న సైజులో, ఉపాధ్యక్షుడు డానియేలు. వాళ్ల కింద మాజీ అధ్యక్షులు, ఆ కింద మాజీలకే మాజీలు. మా సంఘంలో పదవి పోతుంది గానీ ఫోటో పోదు. పెద్దమనిషి ఫోటో తీసెయ్యడమంటే ఆయన్ని కుర్చీలోంచి లేపి పంపినట్టే లెక్క. కాబట్టి ప్రతి కార్యవర్గమూ తన ఫ్లెక్సీ తెచ్చి పాతవాటి పైన తగిలించి పోయింది. పుట్టినరోజు శుభాకాంక్షల పక్కన శ్రద్ధాంజలి ఉండేది. ఒక్కోసారి ఆ రెండూ ఒకే మనిషివి. ఏనాడో అయిపోయిన రక్తదాన శిబిరం పక్కన 'కొత్తది' అని ఒక నక్షత్రం ఇంకా మెరుస్తూనే ఉండేది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఎలా చేసుకోవాలో వెతకబోయిన అమ్మాయి ఆ సంతలో తప్పిపోయేది.

నేను నాగమణమ్మను. సర్కారు దవాఖానాలో హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఈ సంఘానికి సంయుక్త కార్యదర్శిని. గజిబిజి అంటే నాకు ఒళ్లు మంట. వెబ్‌సైట్ బాగుచేయించాలని ప్రతి మీటింగులో నోరు నొప్పి పుట్టేలా అరిచిందాన్ని నేనే, అరవాల్సిందే కూడా. కానీ ఇక్కడ చెప్పదలచింది నా ఒంటి మంట గురించి కాదు, రాజమణి గురించి.

శాలిబండలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన మా సంఘం ఆఫీసు. పొద్దున్నే తాళం తీసేది, ఊడ్చేది, సభ్యత్వ కార్డులు రాసిచ్చేది, మీటింగులకు టీ పెట్టేది అన్నీ రాజమణే. గౌలిపురలో పాలవాళ్ల ఇళ్ల వరసలో అద్దెకుంటుంది. అక్కణ్నుంచి నడిచే వస్తుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. దారిలో గేదెకు దూడ పుట్టినా, చర్చిలో ఎవరి పెళ్లి ప్రకటన చదివినా మెట్లెక్కుతూనే మొదలుపెడుతుంది. మొదట్లో ఆ వాగుడు నాకు విసుగ్గా ఉండేది. ఆమె రాని రోజున ఆఫీసులో కూర్చోలేకపోతున్నానని తర్వాత తెలిసింది.

రాజమణి కూడా నర్సే. ఆ మాట కొత్తవాళ్లెవరూ నమ్మరు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తండ్రి, చర్చి మిషన్‌వాళ్ల కాళ్లావేళ్లా పడి బిడ్డను ట్రైనింగులో చేర్పించాడు. పాసైన వెంటనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఉద్యోగం దొరికింది. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. "మా దగ్గరుంటే భద్రంగ ఉంటయమ్మా" అన్నారట. సర్కారు నోటిఫికేషన్ పడినప్పుడు అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు. మళ్లీ అడిగితే జీతం ఆపుతామన్నారు. ఒకరోజు పొద్దున డ్యూటీకి పోయేసరికి షట్టర్ దించి తాళం వేసుంది. భాగస్వాములు కొట్టుకుని బోర్డు తిప్పేశారు. లోపలి సామాను ఎవరు ఎత్తుకుపోయారో, బీరువా ఎటు పోయిందో ఈరోజుకీ తెలియదు. డూప్లికేట్ తీసుకుందామంటే ఆమె చదివిన స్కూలు కూడా మూతపడింది. ఈ కౌంటర్‌వాళ్లు ఆ కౌంటర్‌కు, వాళ్లు మళ్లీ ఈ కౌంటర్‌కు పంపారు. తిరిగి తిరిగి విసిగి, చివరికి నర్సులకు టీ పోసే నర్సయింది.

ఈ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పదు. "నా కాయితాలు యాడనో ఎలుకలు చదువుతున్నయక్కా" అని నవ్వుతుంది. కానీ ఇంకో అమ్మాయి సర్టిఫికెట్లు ఎవరైనా పట్టుకున్నారని తెలిస్తే ఆ నవ్వు పోతుంది.

ఆ జబ్బు ఇప్పటికీ పోలేదు. అందరూ అలా కాదు గానీ, ఒరిజినల్స్ లాక్కుని అమ్మాయిల్ని కట్టేసినట్టు ఉంచుకునే నర్సింగ్ హోంలు ఇప్పటికీ ఉన్నాయి. సంఘం ఉత్తరాలు రాస్తే వాళ్లు చదవను కూడా చదవరు. రాజమణి పద్ధతి వేరు. ఓపీ కిటకిటలాడే వేళ చూసుకుని పోతుంది. లొల్లి చేయదు. రిసెప్షన్ ఎదురుగా కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి పేషెంటునూ "ఏమైంది నాయనా?" అని పలకరిస్తుంది. వాళ్లు చెప్పుకుంటారు. "నువ్వెందుకొచ్చినవమ్మా?" అని వాళ్లూ అడుగుతారు. అప్పుడు ఆ గట్టి గొంతుతో, మర్యాదగా చెబుతుంది: "మా బిడ్డ ఈడ నర్సు. పని మానేసింది. దాని సర్టిఫికెట్లు సార్ ఇస్తలేరు. ఇచ్చేదాంక కూసుంట." హాలంతా వింటుంది. మేనేజర్ చెమటలు తుడుచుకుంటూ కవరు తెచ్చి ఆమె ఒళ్లో పెడతాడు. అలా కవర్లు తెచ్చుకున్న అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడెక్కడో మంచి ఉద్యోగాల్లో ఉన్నారు.

దీనికి ఆమె పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. అమ్మాయి హాస్టల్‌లోంచి బట్టల సంచితో బయటపడి, "రా అక్కా" అని ఫోన్ చేస్తేనే ఈమె లోపలికి పోతుంది. అమ్మాయి ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉండగా పోతే, ఈమె మెట్లు దిగిన మరుక్షణం నుంచి ఆ పిల్లకు నరకమే.

మరి ఫోన్ ఎలా చేయాలి? ఆ హాస్టళ్లలో వార్డెన్లు అమ్మాయిల ఫోన్లు తెరిచి చూస్తారు. సంఘం వాళ్ల నంబరు ఉంటే అయిపోయినట్టే. దానికి రాజమణి దగ్గర ఒక ఉపాయం ఉండేది. "నా నంబరు నీ ఫోన్‌ల పెట్టుకోకు బిడ్డా. మన వెబ్‌సైట్ తెరువు. రెన్యువల్ చూసుకుంటున్నవనుకుంటరు. సౌండ్ బంద్ పెట్టుకో, లేకుంటే పాటొస్తది. అడుగుదాంక పోతే ఎర్రగ ఉంటది నా నంబరు. ఎవరైనా పేషెంట్ తాలూకోళ్ల ఫోన్ అడుక్కొని చెయ్యి." ఆఫీసు ల్యాండ్‌లైన్ కనెక్షన్ తీసేసినప్పటి నుంచి ఆ సొంత నంబరే అక్కడ ఉంది. నాకు ఆ ఎర్రని మెరుపు చూస్తే కళ్లు మండేవి. కానీ ఆ గజిబిజి పేజీ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటే.

ఈ ఏడు స్రవ్య అనే అమ్మాయి అలాగే ఫోన్ చేసింది. సర్కారు స్టాఫ్ నర్సు పోస్టుకు ఎంపిక జాబితాలో పేరొచ్చింది. గురువారం ఒరిజినల్స్ చూపించాలి. అవి మేనేజర్ బీరువాలో ఉన్నాయి. రాజమణి ఫోన్ చెవికి అదిమి పట్టుకుని ఎంత నెమ్మదిగా మాట్లాడిందో. "సోమారం నీకు ఆఫ్ గదా. చిన్నమ్మ ఇంటికి పోతున్నని చెప్పి సంచి పట్టుకొని బయటికి రా. వచ్చినంక నాకు కొట్టు. మంగళారం నేను పోయి కవరు తెస్త. నువ్వు ఫికర్ చెయ్యకు." ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగింది. "మస్తు తెలివైన పిల్లక్కా. దీని కాయితాలు మాత్రం ఎలుకలకు పోనియ్య" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెబ్‌సైట్ పని జరుగుతోంది. చేస్తున్నది పూజిత అనే అమ్మాయి. వాళ్ల నాన్నకు గౌలిపురలో స్టీలు సామాన్ల దుకాణం. నెమ్మదస్తురాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఒక ఆదివారం, సగంమంది చర్చి నుంచి వచ్చేదాకా ఆగి, కొత్త పేజీ ఎలా ఉండబోతోందో చూపించింది. తెల్లగా, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. పైన రెన్యువల్, శిక్షణ తరగతులు, సభ్యత్వం, సంప్రదించండి. అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆనందరావు కళ్లద్దాలు సర్దుకుని అటూ ఇటూ వెతికాడు. "మంచిగనే ఉంది గానీ, నా ఫోటో ఏది?"

"కార్యవర్గం అని వేరే పేజీ ఉంది సార్. అక్కడ అందరివీ ఒకే సైజులో వస్తాయి."

"ఒకే సైజా?" అన్నాడు ఆనందరావు.

"ఎవరి తర్వాత ఎవరు?" అన్నాడు డానియేలు.

ఇక మొదలైంది. సీనియారిటీ ప్రకారమా, పదవి ప్రకారమా? అక్షరాల వరస పెడదామని పూజిత అంటే, "గట్లయినా ముందు ఆయనే గదా, గిదేం న్యాయం?" అని డానియేలు లేచాడు. మాజీ అధ్యక్షుడొకాయన తన ఫోన్ నంబరు కూడా ఉండాలన్నాడు. ఆయనది ఉంటే మాదెందుకు ఉండదని మిగతావాళ్లు. మిషన్ల కొట్టతను కిందనుంచి పైకి తొంగిచూసి పోయాడు. చివరికి ఆనందరావు బల్ల చరిచి లేచాడు. "వద్దు. ఎవరి ఫోటో వద్దు, ఎవరి పేరు వద్దు, ఎవరి నంబరు వద్దు. సంఘం ఒక్కటే ఉంటది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ దక్కనప్పుడు ఎవరూ ఓడిపోయినట్టు కాదు కదా, మా సంఘంలో అన్ని గొడవలూ ఇలాగే తీరతాయి. టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ రాజమణి కూడా పళ్లెం బల్లమీద పెట్టి మరీ చప్పట్లు కొట్టింది. ఎవరి నంబరూ వద్దన్నప్పుడు తన నంబరు ఆమెకు గుర్తుకే రాలేదు. అది ఆమె దృష్టిలో ఒక మనిషి నంబరు కాదు, ఆఫీసు నంబరు. పూజిత మాత్రం, విన్నది విన్నట్టు రాసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం కొత్త సైటు వచ్చింది. మిఠాయి పంచారు.

సోమవారం రాజమణి ఫోన్ మోగలేదు. మామూలుగా రెన్యువల్ గురించి అడిగేవాళ్లతో ఆమెకు ఊపిరాడదు. "కొత్త సైటు గొప్పదనం చూసినవా అక్కా, ఎవలకు అడిగే పనే లేదు" అంది. కానీ మాట మాటకూ ఫోన్ వైపు చూస్తోంది. సాయంత్రానికి చూపు గడపవైపు మళ్లింది. మంగళవారం నన్ను అడిగింది: "ఒక్కసారి నాకు కొట్టక్కా. ఫోన్ ఖరాబైందేమో." కొట్టాను. మోగింది. ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది.

"సైటులో నంబరుందా లేదా చూడు" అన్నాను.

ఆఫీసు కంప్యూటర్లో చూసింది. "ఉంది గదా, గిదిగో ఎర్రగ." నేను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి, ఆమె మాట మీద వదిలేశాను. అమ్మాయికి ఆఫ్ ఇవ్వలేదేమో, రేపు చేస్తుందిలే అనుకున్నాం ఇద్దరం.

బుధవారం పొద్దున ఇంట్లో కూర్చుని నా ఫోన్లో సైటు తెరిచాను. ఎంత శుభ్రంగా ఉందో మళ్లీ ఒకసారి చూసి సంతోషిద్దామనే తెరిచాను. అడుగుదాకా పోయాను. తెల్లగా ఉంది. నంబరు లేదు.

పూజితకు ఫోన్ చేస్తే, "ఎవరి నంబరూ వద్దన్నారు కదా ఆంటీ" అంది. "మరి ఆఫీసులో కనపడుతోంది కదమ్మా?" "ఆ కంప్యూటర్ పాత పేజీ అడుగు భాగాన్ని మాత్రం ఇంకా దాచుకుని చూపిస్తోందాంటీ. రిఫ్రెష్ కొడితే పోతుంది. సంప్రదించండి దగ్గర ఫారం పెట్టాను కదా, అందులో రాయొచ్చు." పేరు, సభ్యత్వ నంబరు, పనిచేసే చోటు. వార్డెన్ ఫోన్ తెరిచి చూసే పిల్ల ఆ ఫారంలో ఏం రాస్తుంది? ఆ అమ్మాయి మీద అరిచి ఏం లాభమని ఆనందరావుకు చేశాను.

"ఇప్పుడొక్క నంబరు పెడితే డానియేలు ఊకుంటడా అక్కా? వచ్చే మీటింగ్‌ల మాట్లాడుదాం" అన్నాడు.

నోటికొచ్చినవన్నీ అన్నాను. అవి ఇక్కడ రాసేవి కావు. ఆటో ఎక్కి శాలిబండ పోయి రాజమణికి చెప్పాను. ఆమె కంప్యూటర్ ముందుకు పోయి రిఫ్రెష్ నొక్కింది. ఎర్ర నంబరు పోయింది. కాసేపు ఆ తెల్లని పేజీ వైపే చూసి, చెప్పులేసుకుంది.

"యాడికి?"

"రేపే గదా అక్కా, గురువారం."

"పిల్ల పిలవలేదు కదనే. నీ కట్టుబాటు నువ్వే..."

"ఎట్ల పిలుస్తది? పిలిచే తొవ్వనే మనం బంద్ చేస్తిమి" అంది. నేను వెంట నడిచాను.

ఆ నర్సింగ్ హోం సంతోష్‌నగర్ దాటాక ఉంటుంది. పేరు రాయను. ఓపీ నిండుగా ఉంది. రాజమణి ఎప్పటిలాగే రిసెప్షన్ ఎదురుగా కూర్చుంది గానీ, పక్కనున్న ముసలాయన్ని పలకరించలేకపోయింది. చేతి సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎవరినీ పలకరించకుండా ఆమె అలా కూర్చోవడం అదే మొదటిసారి చూశాను. మేనేజర్ తనే వచ్చాడు. సన్నగా, నవ్వు ముఖంతో ఉన్నాడు. ఎవరి కోసమని అడిగాడు. రాజమణి స్రవ్య పేరు చెప్పింది. "పిలుద్దాం" అని అతను ఎవరినో పంపాడు.

స్రవ్య వచ్చింది. ఫోన్లో గొంతు తప్ప మేమెప్పుడూ చూడని పిల్ల. డ్రెస్సింగ్ ట్రే చేతిలోనే ఉంది. మమ్మల్ని చూసింది, మేనేజర్ను చూసింది.

"వీళ్లు నీకోసమొచ్చిండ్రంట. నువ్వు రమ్మన్నవా?" అన్నాడు అతను. అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

"లేదు సార్. వీళ్లెవరో నాకు తెల్వదు."

హాలంతా మా వైపే చూస్తోంది.  రాజమణే తేరుకుంది. లేచి, ఆ గట్టి గొంతును ఎక్కడ దాచుకుందో గానీ, మెత్తగా అంది: "అవు సార్. పొరపాటైంది. నేను వెతికే బిడ్డ వేరే. పేరు ఒక్కటే ఉన్నట్టుంది. మాఫ్ చెయ్యండ్రి." అలా అనకపోతే ఆ పిల్లను ఆ సాయంత్రమే నిలబెట్టి అడిగేవాడు. అన్నాక కూడా నమ్మాడో లేదో నాకు తెలియదు.

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి స్రవ్య పక్క మెట్ల మీదుగా దిగి, ట్రేలోని దూది చెత్తడబ్బాలో పడేస్తూ నిలబడింది. మా వైపు చూడలేదు. "సోమారం సంచి పట్టుకొని బయటికొచ్చిన. సైటు తెరిస్తె మీ నంబరు లేదు. మీరు గూడ భయపడి తప్పుకున్నరనుకున్న అక్కా. మల్ల లోపలికే పోయిన. సార్ కాళ్లు పట్టుకున్న. రేపు పొద్దుగాల ఇస్తనన్నడు. మీరు పోండ్రి. దండం పెడత, పోండ్రి."

రాజమణి గేటు పట్టుకుని నిలబడిపోయింది. "తప్పుకోలేదు బిడ్డా" అంది. కానీ అప్పటికే ఆ పిల్ల మెట్లెక్కుతోంది. విన్నదో లేదో మరి.

మర్నాడు గురువారం. స్రవ్య ఆ పొద్దున వార్డులో డ్యూటీలోనే ఉందని అక్కడే పనిచేసే ఇంకో నర్సు తర్వాత చెప్పింది. కవరు ఇవ్వలేదు. ఆమె పోస్టుకు జాబితాలో తర్వాతివాళ్లను పిలిచారు. కొన్నాళ్లకు స్రవ్య ఆ చోటు మానేసిందట. సర్టిఫికెట్లతో పోయిందో, వదిలేసి పోయిందో ఆ నర్సుకు తెలియదు. మేం వెతికాం. ఊరు పేరు కూడా సరిగ్గా తెలియని పిల్లను ఎక్కడని వెతుకుతాం?

తర్వాతి మీటింగులో రాజమణి టీ పెట్టలేదు. అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె మీటింగులో మాట్లాడటం నేను వినలేదు.

"నా నంబరు మల్ల పెట్టుండ్రి" అంది.

"రూల్ అంటే రూల్ రాజమణీ. ఒక్కలది పెడితే అందరియి..." ఆనందరావు మొదలుపెట్టాడు.

"అందరియి పెట్టుండ్రి. మీ ఫోటో పెట్టుండ్రి, డానియేలన్న ఫోటో పెట్టుండ్రి, పాతోళ్లయి, పోయినోళ్లయి, బెలూన్లు, పాట, అన్ని పెట్టుండ్రి. ఎవరు ముందు ఎవరు ఎన్క మీరే కొట్లాడుకోండ్రి. నాకేం ఫరక్ పడదు. నాది అడుగున, ఎర్రగ, మెరవాలె. ఒక పిల్ల నన్ను నమ్మి సంచి పట్టుకొని రోడ్డు మీదికొచ్చింది. మన పేజీ దానికి ఎవరు లేరని చెప్పింది."

 ఆనందరావు తల దించుకుని, చేత్తోనే పూజితకు సరేనని సైగ చేశాడు.

ఇప్పుడు మా వెబ్‌సైట్ తెరిస్తే ముందు పాట వస్తుంది. బెలూన్లు తేలుతాయి. ఆనందరావు, ఆయన పక్కన ఈసారి సరిసమానంగా డానియేలు. 'కొత్తది' అని మెరిసే నక్షత్రాలు కూడా మళ్లీ చేరుతున్నాయి. నా ఒళ్లు ఇప్పటికీ మండుతుంది. అయినా పాట అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, అడుగుదాకా పోయి, నంబరు ఉందో లేదో రోజూ చూస్తాను.

ఫోన్లు మళ్లీ వస్తున్నాయి. రాజమణి మళ్లీ ఓపీల్లో కూర్చుంటోంది, కవర్లు తెస్తోంది. ఒక్కటే మారింది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇదివరకు "చెప్పు బిడ్డా" అనేది. ఇప్పుడు ముందు "స్రవ్యా?" అని అడుగుతుంది. అవతలివాళ్లు కాదంటారు. అప్పుడు "చెప్పు బిడ్డా" అంటుంది.